వంద అడుగులు

డెస్కాన్సోలో రోడ్డు చివరి ఇల్లు.
ఆ తర్వాత కొండే.
టేపు ఒక కొస మెట్టు మీది మేకుకి తగిలించి
రెండో కొస పట్టుకుని పొదల్లోకి నడిచాను.
జీతం బీమా కంపెనీది, మెడలో బిళ్ళా దానిదే.
ఇంటి నుంచి వంద అడుగుల దాకా
కాలేదేదీ ఉండకూడదని కాగితం.
కాగితమూ కాలుతుందిగా, అంది విల్మా ఓకర్లండ్,
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి,
నవ్వకుండా.

నా ఫారంలో ఉన్నది ఒకటే గడి: తుప్పలు.
ఆవిడ మాత్రం బస్సెక్కే పిల్లల్ని పిలిచినట్టు పిలిచింది.
ఇది చమీస్, ఒళ్ళంతా నూనె, దీన్ని నమ్మకు.
ఇది టోయాన్, డిసెంబరులో పళ్ళకి పిట్టలు కొట్టుకు చస్తాయి.
సియనోథస్ కావాలంటే మార్చిలో రా, కొండ నీలంగా ఉంటుంది.
ఇదిగో మాంజనీటా. తాకు.
తాకాను.
నూరు డిగ్రీల మధ్యాహ్నం
ఆ ఎర్రటి నున్నటి బెరడు
నీళ్ళకుండ పొట్టలా చల్లగా ఉంది.

పక్కింటి డ్వేన్ ప్రూయిట్ మాట వినే రకం.
బుల్‌డోజరు పెట్టి కొండకి గుండు గీయించాడు.
అతని ఫారంలో టిక్కు పెట్టింది నేనే.
ఆ చలికాలం వానలకి అక్కడ ఆవాలు మొలిచాయి.
అవును, ఆవాలే, మన పోపుడబ్బాలో వాటికి చుట్టాలు.
మనిషెత్తు పెరిగి పచ్చగా పూస్తే
కారాపి ఫోటో తీసుకున్నాను కూడా.
అవి ఇక్కడివి కావు, అంది విల్మా.
నేనూ కాదు అనబోయి ఊరుకున్నాను.
మే నెలకల్లా కొండంతా అగ్గిపుల్లల కట్ట.

అక్టోబరు. తూర్పుగాలి.
హైవే మీద ఎవరి ట్రైలరు గొలుసో
రోడ్డుకి రాసుకుంటూ, రవ్వలు రాల్చుకుంటూ పోయింది.
ముందు అంటుకున్నది తుప్పలు కాదు,
మేం శుభ్రం చేసిన చోట మొలిచిన గడ్డి.
ఆవమోళ్ళు చిటపటలాడాయట, విన్నవాళ్ళు చెప్పారు.
ఆ చప్పుడు నాకు తెలుసు, రోజూ పొద్దున్నే వింటాను.
అప్పట్నించీ పోపు వేసేటప్పుడు మూత పెడుతున్నాను.

విల్మా ఇల్లూ పోయింది.
ఇక్కడ మార్చి రాద్దామనిపించింది. రాయను.
పొదల మీదుగా కాదు, ఆకాశం మీదుగా వచ్చి
అటక జాలీలోంచి దూరిందట గోరంత నిప్పు.
నా ఫారంలో అటక లేదు, జాలీ లేదు.
డ్వేన్ ఇల్లూ పోయింది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకి నిప్పడిగినవాడు
సామెతలో ఎవరో అనుకునేదాన్ని.
మూడోవారం కొత్త ఫారంతో బూడిదలోకి దిగాను.

మళ్ళీ ఫిబ్రవరిలో.
మెట్టుంది, మేకుంది, ఇల్లు లేదు.
సున్నా దగ్గర్నించే కొలవడం మొదలెట్టాను.
అద్దె ట్రైలర్లోంచి బస్సు డ్రైవరు గొంతు:
అక్కడ తొక్కకు!
కిందికి చూశాను. మాడిన మోడు మొదట్లో
నేల అడుగున దాచుకున్న గడ్డ నుంచి
పిడికెడు చిగుళ్ళు,
తోమిన రాగిచెంబు రంగు.
ఆవల డ్వేన్ స్థలంలో అప్పుడే మోకాలెత్తు ఆవాలు.
పదేళ్ళలోపు ఇంకోసారి కాలిందంటే
ఇవి మళ్ళీ లేవవు, అంది.
దేని ఓపికకైనా ఓ లెక్కుంటుంది.

మా భాషలో అడుగు అంటే కొలత.
అడుగు అంటే నడక. అడుగు అంటే కిందున్నది.
ఇంకోటి కూడా ఉంది, అది ఆజ్ఞ:
తెలియకపోతే అడుగు.

తుప్పలు అన్న మాట కొట్టేసి
ఇంకోసారి చెప్పండి, అన్నాను, మెల్లిగా, రాసుకుంటాను.
చమీస్ దగ్గర మొదలుపెట్టింది.
రెండో పేరు దగ్గర బూడిద పడి పెన్ను ఆగిపోయింది.
ఆవిడ ఆగలేదు.